రేకుల షెడ్డు మీద పిచికారీ కరెంటు



బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల. మన వైపు ఈ ఊళ్ళ చుట్టూ ఎటు తిరిగినా నాపరాయే. భూమిలో పొరలు పొరలుగా పరుచుకున్న సున్నపురాయిని గనిలో విడదీసి, ట్రాక్టర్ల మీద ఫ్యాక్టరీకి తెచ్చి, అంచులు కోసి, పాలిష్ పెట్టి లారీలకెత్తుతారు. అవుకు బండ వేయని ఇల్లు రాయలసీమలో అరుదు. ఆ ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం రేకుల షెడ్లే. లోపల కోత మిషను మోత, పాలిష్ చక్రం కింద పడే నీళ్ళు, బయట ఎండి తెల్లబడిన బురద కుప్పలు. రాయి ఈ నేలలోనే దొరుకుతుంది. పనివాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. కరెంటు మాత్రం కొనుక్కోవాలి. మోటారు తిరిగినంతసేపూ మీటరు తిరుగుతుంది. ఆ షెడ్డు నెత్తిన పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఎండ. మే నెలలో 43, 44 డిగ్రీలు మనకు కొత్త కాదు.

మరి ఆ రేకుల మీద సోలార్ ప్యానెళ్ళు బిగించుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. కప్పు మోయగలిగితే బిగించుకోవచ్చు. ఈ రోజుల్లో వస్తున్న గాజు ప్యానెల్ ఒక్కొక్కటి రెండున్నర చదరపు మీటర్లు ఉంటుంది, పాతిక ముప్పై కిలోలు తూగుతుంది. దానికి ఇనుప ఫ్రేము, బోల్టులు, గాలివాన వస్తే పైకి లేపే ఒత్తిడి అదనం. ఇరవై ఏళ్ళ కింద సన్న కమ్మీల మీద సిమెంటు రేకులు పరిచి కట్టిన షెడ్డుకు అంత శక్తి ఉండదు. పాత రేకు మీద మనిషి కాలు పెడితేనే పటుక్కున పగులుతుంది. పైగా కింద మిషన్ల అదురు. ఎండకు కొదవలేని చోట, కరెంటు అవసరం ఉన్న చోట, ఆ రెండింటినీ కలపడానికి కప్పు అడ్డం వస్తోంది.

సౌరవిద్యుత్తు మనకు తెలియనిది కాదు. గడివేముల, ఓర్వకల్లు మండలాల్లో గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పనిలోకి వచ్చినప్పుడు, ఒకే చోట అంత పెద్దది ప్రపంచంలోనే అరుదు. అక్కడ పరిచినవి గట్టి నేల మీద, ఇనుప కాళ్ళ మీద నిలబడే ప్యానెళ్ళు. అలాంటి చోట వాటికి పోటీ లేదు. కానీ అవుకు షెడ్డుకు కావలసింది వేరు: చదరపు మీటరుకు కిలో కూడా తూగని, చాపలా చుట్టి తెచ్చి రేకు వంపు మీద అంటించగలిగే పొర. అలాంటి పొర ఒకటి ఉంది. దాన్ని పాలిమర్ సోలార్ సెల్ అంటారు. ప్లాస్టిక్ జాతికి చెందిన పదార్థాన్ని ద్రవంలో కరిగించి, ప్లాస్టిక్ షీటు మీద పిచికారీ కొట్టి ఆరబెట్టి దాన్ని తయారు చేయవచ్చు. దాని సామర్థ్యాన్ని ఎలా పెంచుతారన్నదే ఈరోజు నా విషయం. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ముందే చెబుతాను. పిచికారీతో చేసిన సెల్లు బాగా పనిచేస్తుందా లేదా అన్నది ఏ పదార్థం వాడామన్నదానితోనే తేలిపోదు. చల్లిన తడి పొర ఆ కొన్ని సెకన్లలో ఎలా ఆరిందన్నదాని మీద సగం లెక్క ఆధారపడి ఉంటుంది.

ప్లాస్టిక్ అంటే కరెంటు పారనిది అని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. తీగల మీద తొడుగు అందుకే ప్లాస్టిక్‌తో వేస్తారు. 1977లో అమెరికాకు చెందిన అలన్ హీగర్, అలన్ మెక్‌డయార్మిడ్, జపాన్‌కు చెందిన హిడెకి షిరకావా కలిసి, కొన్ని రకాల పాలిమర్లను తగిన రసాయనంతో మారిస్తే వాటిలోనూ కరెంటు పారుతుందని చూపించారు. ఆ పనికి 2000 సంవత్సరంలో ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దారిలోనే, వెలుగు పడితే ఎలక్ట్రాన్లను వదిలే పాలిమర్లూ వచ్చాయి.

అయితే పాలిమర్‌కూ, మామూలు గాజు ప్యానెళ్ళలో ఉండే సిలికాన్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. సిలికాన్‌లో వెలుగు పడగానే ఎలక్ట్రాను దాదాపు విడిగా తిరగడం మొదలుపెడుతుంది. పాలిమర్‌లో అలా కాదు. వెలుగు సోకిన చోట ఒక ఎలక్ట్రాను, అది వదిలి వచ్చిన ఖాళీ, రెండూ ఒకదానినొకటి లాక్కుంటూ జంటగానే ఉంటాయి. ఆ జంటను ఎక్సైటాన్ అంటారు. దాని ఆయుష్షు చాలా తక్కువ. ఆ కాస్తలో అది నడవగలిగిన దూరం సుమారు 10 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఆ 10 నానోమీటర్ల లోపల ఎలక్ట్రానును లాక్కునే మరో పదార్థం ఎదురుపడితే జంట విడిపోతుంది, కరెంటు పుడుతుంది. ఎదురుపడకపోతే జంట మళ్ళీ కలిసిపోతుంది, పడిన వెలుగు వేడిగా మారి వృథా అవుతుంది.

కాబట్టి ఎలక్ట్రానును ఇచ్చే పాలిమర్‌నూ, పుచ్చుకునే పదార్థాన్నీ ఒకదాని మీద ఒకటి రెండు పొరలుగా పరిస్తే చాలదు. రెండింటినీ ఒకే ద్రవంలో కలిపి పోసి, ఆరేటప్పుడు అవి సన్నసన్న పాయలుగా విడిపోయేలా చూడాలి. ప్రతి పాయా 10, 20 నానోమీటర్ల మందంలో ఉండాలి. అయినా ఎక్కడా తెగిపోకుండా ఇటు ఒక ఎలక్ట్రోడు దాకా, అటు ఇంకో ఎలక్ట్రోడు దాకా సాగాలి. 1995లో హీగర్ బృందం, కేంబ్రిడ్జి బృందం ఎవరికి వారు ఇలాంటి కలగలుపు పొరలు చేసి చూపించారు. మొత్తం పొర మందం 100 నుంచి 200 నానోమీటర్లు. మన తల వెంట్రుకలో అది కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. అంత పలుచని పొరలో, ఎవరూ చేత్తో అమర్చలేని ఒక అల్లిక తనంతట తానే ఏర్పడాలి. అది ఏర్పడేది ఆరేటప్పుడే. పొర పూర్తిగా గట్టిపడ్డాక, మళ్ళీ వేడి చేస్తే తప్ప, దాన్ని దిద్దే అవకాశం కొద్దిగానే ఉంటుంది.

ఆ అల్లిక ఎంత ముఖ్యమో 2005లో జరిగిన రెండు ప్రయోగాలు చక్కగా చూపించాయి. అప్పట్లో అందరూ వాడుతున్న జోడు ఒకటి ఉండేది. ఇచ్చేది పీ3హెచ్‌టీ అనే పాలిమర్, పుచ్చుకునేది ఫుల్లరీన్ అనే కార్బన్ అణువు నుంచి చేసిన పీసీబీఎం. హీగర్ బృందం పూర్తయిన సెల్లును 150 డిగ్రీల దగ్గర కాసేపు వేడి చేసింది. సామర్థ్యం, అంటే పడిన వెలుగులో కరెంటుగా మారే వంతు, 5 శాతానికి దగ్గరైంది. లాస్ ఏంజెలెస్‌లో యాంగ్ యాంగ్ బృందం తడి పొర త్వరగా ఆరకుండా నిదానించింది. అక్కడ సామర్థ్యం 4.4 శాతానికి చేరింది. కొత్త పదార్థం ఏదీ చేరలేదు. అవే అణువులు సర్దుకోవడానికి ఇంకాస్త సమయం దొరికింది, అంతే. నేను ఈ విషయం గురించి మాట్లాడే ప్రతిచోటా విద్యార్థులకు ఈ రెండు ప్రయోగాలే ముందు చెబుతాను.

ప్రయోగశాలలో పొర వేసే పద్ధతి సులువైనది. గాజు ముక్క మీద చుక్క వేసి గిర్రున తిప్పుతారు. ద్రవం అంచుల దాకా పరుచుకుని సమానమైన పొర మిగులుతుంది. కానీ పోసిన దానిలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఎగిరి గోడలకు కొడుతుంది. ఖరీదైన పాలిమర్ అలా పారబోయడం గోరంత ముక్కకైతే సరే, షెడ్డు కప్పుకు సరిపడే షీటును గిర్రున తిప్పేదెవరు? అందుకే పిచికారీ. 2007లో దక్షిణ కొరియా పరిశోధకులు బొమ్మలు వేసేవాళ్ళ చేతుల్లో ఉండే ఎయిర్‌బ్రష్‌తోనే ఈ ద్రవాన్ని చల్లి సెల్లు చేశారు. సామర్థ్యం 2.83 శాతం. చిన్న అంకెలా కనిపించినా దారి తెరిచింది అదే. పొర చల్లే పని మామూలు ఒత్తిడిలో, తక్కువ వేడిలో అయిపోయింది. సిలికాన్‌ను కరిగించాలంటే 1,414 డిగ్రీలు కావాలి. ఇక్కడ 150 డిగ్రీలు దాటనక్కర లేదు.

ఇక పిచికారీలో ఉండే కష్టం గురించి చెబుతాను. నంద్యాల, ఆళ్ళగడ్డ పొలాల్లో పత్తికి, మిరపకు మందు కొట్టిన రైతుకు ఇందులో ముప్పాతిక భాగం ముందే తెలుసు. నాజిల్ రంధ్రం పెద్దదైతే చుక్కలు లావుగా పడి ఆకు మీద నిలవక కారిపోతాయి. మరీ సన్నగా పడితే గాలికి కొట్టుకుపోతాయి, ఎండకు ఆకును చేరకముందే ఆవిరైపోతాయి. అందుకే మిట్టమధ్యాహ్నం కొట్టరు, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొడతారు. గన్ను ఆకుకు మరీ దగ్గర పెట్టరు, మరీ దూరం పెట్టరు. నడక వేగం మారితే ఒక సాలుకు ఎక్కువ, ఇంకో సాలుకు తక్కువ పడుతుందని కూలికి వచ్చిన మనిషికీ చెబుతారు. సోలార్ సెల్లు చేసే ప్రయోగశాలలోనూ ఇవే లెక్కలు: చుక్క సైజు, ఎత్తు, గాలి ఒత్తిడి, నడక వేగం, కింద ఉన్న తలం వేడి. తేడా అల్లా ఏమిటంటే, రైతుకు ఆకు మీద మందు చుక్కలు చుక్కలుగా నిలిచినా చాలు. సెల్లులో చుక్కలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి అతుకు కనపడని ఒకే పొర కావాలి.

చుక్కలు దారిలోనే సగం ఆరిపోతే షీటు మీద పొడి పొడిగా గరుకుగా పేరుకుంటాయి. వాటి మధ్య సందులు మిగులుతాయి. ఆ సందుల్లోంచి పై ఎలక్ట్రోడు లోహం కిందికి దిగి కింది ఎలక్ట్రోడును తాకిందంటే అక్కడ షార్టే. చుక్కలు మరీ తడిగా పడితే మడుగు కట్టి ఒక పక్కకు జారతాయి. జారినచోట పొర మందం, ఇంకోచోట పలచన. ఇంకో చిక్కు కూడా ఉంది. రెండోసారి చల్లిన తడి, మొదటిసారి ఆరిన పొరను మళ్ళీ కరిగిస్తుంది. అందుకని అటు పొడీ కాకుండా ఇటు మడుగూ కాకుండా మధ్యలో ఒక స్థితిని పట్టుకోవాలి: చుక్క షీటును చేరేసరికి ఇంకా పారేలా ఉండాలి, పక్క చుక్కతో కలవాలి, కలిసిన వెంటనే కదలడం ఆపాలి.

చుక్క ఆరేటప్పుడు ఏమవుతుందో చూడాలంటే అవుకు ఫ్యాక్టరీకి మించిన చోటు లేదు. పాలిష్ నీళ్ళ చుక్క ఒకటి నల్ల బండ మీద పడి ఎండలో ఆరాక వంగి చూడండి. మధ్యలో రాయి రంగు దాదాపు అలాగే ఉంటుంది. చుట్టూ మాత్రం గీత గీసినట్టు తెల్లటి వలయం. చుక్కలో ఉన్న రాతిపొడి అంతా అంచుకు చేరింది. ఎందుకంటే చుక్క అంచు రాయిని పట్టుకుని కదలదు, అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోంచి నీరు అంచుకు పారుతూ పొడిని మోసుకుపోతుంది. 1997లో షికాగో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కాఫీ మరకలను పరిశీలించి ఈ కారణం చెప్పారు. పిచికారీ చేసిన పాలిమర్ పొరలోనూ అచ్చంగా ఇదే జరుగుతుంది. ప్రతి చుక్క చుట్టూ ఒక గట్టు, మధ్యలో ఒక గుంట. కరెంటు ఆ గట్లు దాటడానికి కష్టపడుతుంది, గుంటల దగ్గర కారిపోతుంది. సెల్లు పనితనాన్ని కొలిచే అంకెలు మూడు: వోల్టేజీ, కరెంటు, ఆ రెండింటి గరిష్ఠాల లెక్కలో నిజంగా చేతికి వచ్చే శక్తి ఎన్నో వంతో చెప్పే ఫిల్ ఫ్యాక్టర్. పిచికారీ సరిగ్గా కుదరని సెల్లులో మొదట దెబ్బతినేది చాలాసార్లు ఈ మూడోదే.

దీనికి విరుగుడు పాలిమర్‌ను కరిగించే ద్రవంలో, అంటే ద్రావణిలో ఉంది. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది. క్లోరోబెంజీన్ 132 దగ్గర, డైక్లోరోబెంజీన్ 180 దగ్గర మరుగుతాయి. త్వరగా ఆరే దానిలో, నిదానంగా ఆరే దాన్ని కొంత కలుపుతారు. మొదటిది ఎగిరిపోయి పొరను చిక్కబరుస్తుంది. రెండోది వెనక నిలిచి చుక్కలు కలవడానికి, అణువులు సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. వేర్వేరు వేగాలతో ఆరే రెండు ద్రవాలు చుక్కలో పక్కపక్కన ఉన్నప్పుడు, అంచుకు పారే ప్రవాహానికి ఎదురుగా మరో ప్రవాహం కూడా పుట్టవచ్చు. అప్పుడు వలయం చాలావరకు తగ్గిపోతుంది. డైఅయొడోఆక్టేన్ లాంటి ద్రవాన్ని మొత్తంలో కొద్ది శాతమే కలిపినా, పుచ్చుకునే పదార్థం అందులో ఎక్కువసేపు కరిగి ఉండి పాయలు సన్నగా విడిపోతాయి.

కింద ఉన్న తలాన్ని ఎంత వేడి చేయాలన్నదీ అంతే ముఖ్యం. ద్రావణి మారితే ఆ వేడీ మారాలి. పొర ఆరాక దాని మీద పదార్థం ఏమీ లేని వట్టి ద్రావణిని ఒకసారి పలుచగా చల్లే పద్ధతి ఒకటి ఉంది. పై పైన మళ్ళీ కరిగి, చుక్కల గట్లు చదునవుతాయి. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇదే. ఖర్చు తక్కువ, మిషను మార్చనక్కర లేదు, అయినా తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక నాజిల్ విషయానికొస్తే, గాలి ఒత్తిడితో చిమ్మే గన్నులకు బదులు అల్ట్రాసోనిక్ నాజిళ్ళు వచ్చాయి. వాటి మొన శబ్దతరంగాలతో అదురుతూ ద్రవాన్ని మంచులా, ఇంచుమించు ఒకే సైజు చుక్కలుగా చేస్తుంది. ఇంగ్లండులో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం డేవిడ్ లిడ్జీ బృందం 2013లో మామూలు గాలిలోనే, నైట్రోజన్ పెట్టె అవసరం లేకుండా, పిచికారీతో 4 శాతం చుట్టూ ఉన్న సెల్లులు చేసి చూపించింది. గిర్రున తిప్పి చేసిన వాటికి అవి పెద్దగా తీసిపోలేదు. ఫ్యాక్టరీలో చేసే పనికి ఇది చాలా పెద్ద మాట.

పదార్థాలు కూడా ముందుకు సాగాయి. 2019లో చైనాలో జౌ యింగ్‌పింగ్ బృందం ఫుల్లరీన్ స్థానంలో వై6 అనే అణువును తెచ్చి 15.7 శాతం సాధించింది. ఆ తరవాత అయిదేళ్ళకే ప్రయోగశాలలో సామర్థ్యం 20 శాతాన్ని అందుకుంది. అయితే శ్రోతలు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ 20 శాతం గోరంత ముక్క మీద కొలిచినది, 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినది. మీటరు వెడల్పు షీటు దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె బాగా దిగిపోతుంది. ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని తగ్గించడానికి నేను ఇంతసేపూ చెప్పిన చుక్కల పనే దారి.

ద్రావణుల గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. క్లోరిన్ ఉన్న ఈ ద్రవాలు మనిషికి మంచివి కావు. పిచికారీ అంటేనే విషాన్ని ఊపిరికి అందేంత సన్నగా చేయడం. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా పత్తికి మందు కొట్టి ఆసుపత్రి పాలైన మనుషులను మన ఊళ్ళలో అందరం చూశాం. రేపు ఇక్కడ ఇలాంటి పని వస్తే అదే కథ మళ్ళీ జరగకూడదు. అందుకే జైలీన్ లాంటి కాస్త మేలైన ద్రావణులు, చివరికి నీటిలోనే పాలిమర్‌ను అతి సన్నని రేణువులుగా కలిపి చల్లే సిరాలు కూడా వస్తున్నాయి. సామర్థ్యం ఒక శాతం తగ్గినా నా ఓటు వాటికే.

ఈ రంగంలో తెలుగు నేల చేయి లేకపోలేదు. హైదరాబాదు తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో లింగమల్లు గిరిబాబు బృందం రంగు అణువులతో పనిచేసే సౌరఘటాల మీద ఏళ్ళ తరబడి కృషి చేసింది. అక్కడే సూర్యప్రకాశ్ సింగ్ బృందం ఆర్గానిక్ సెల్లులకు (పాలిమర్ సెల్లులూ ఈ జాతివే) కావలసిన కొత్త అణువులను తయారు చేసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో మైకేల్ గ్రాట్జెల్‌తో కలిసి పనిచేశారు. 1993లో రుథీనియం రంగుతో 10 శాతం సామర్థ్యాన్ని చూపించిన ప్రసిద్ధ పరిశోధన పత్రానికి మొదటి రచయిత ఆయనే. అణువులను తయారు చేయడంలో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు. ఆ అణువులను పొరగా మార్చి ఎండలో నిలబెట్టే పనిలోకి ఇంకా ఎక్కువమంది రావాలి.

ఎండలో నిలబెట్టడమంటే ఏమిటో అవుకు లెక్కలో చూద్దాం. మే నెల మధ్యాహ్నం రేకు మీద అంటించిన నల్లటి పొర 65, 70 డిగ్రీలకు చేరుతుంది. వేడికి సిలికాన్ ప్యానెల్ ప్రతి డిగ్రీకి తన శక్తిలో 0.4 శాతం చుట్టూ కోల్పోతుంది. పాలిమర్ సెల్లుకు ఆ నష్టం తక్కువ. ఈ ఒక్క చోట మన ఎండ దానికి అనుకూలం. కానీ అదే వేడి ఇంకో దెబ్బ తీస్తుంది. ఆరేటప్పుడు అంత కష్టపడి ఏర్పడిన సన్నపాయల అల్లికలో అణువులు మళ్ళీ మెల్లగా కదలడం మొదలుపెడతాయి. ఒక జాతి అణువులు ఒకచోట పోగవుతాయి. పాయలు లావెక్కుతాయి, ఎక్సైటానుకు 10 నానోమీటర్ల లోపల తోడు దొరకదు. దానికి తోడు అతినీల కిరణాలు, ఆక్సిజన్, తేమ. కాబట్టి మన ప్రాంతానికి ఎంచుకునే పదార్థం 20 శాతం ఇచ్చేది కానక్కర లేదు. 70 డిగ్రీల దగ్గర అణువులు కదలని బిగువైనది కావాలి. సామర్థ్యం పెంచామని ఎవరైనా చెబితే, ఎంత వేడి దగ్గర, ఎన్ని నెలల తరవాత అని మనం అడగాలి.

వేడి తరవాత దుమ్ము. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర గాలిలో ఉండేది మామూలు మట్టి కాదు, సున్నపురాతి పిండి. తెల్లవారుజాము మంచుకు తడిసి, పొద్దెక్కాక ఎండి, రేకుల మీద అట్టకడుతుంది. గాజు ప్యానెల్‌నైతే తుడుచుకోవచ్చు, సున్నపురాయి గాజు కంటే మెత్తన. పాలిమర్ సెల్లు పైన ఉండేది ప్లాస్టిక్ పొర. దాన్ని రాతిపిండితో కలిపి గుడ్డ పెట్టి రుద్దితే సన్నని గీతలు పడతాయి. గీతలు పడినచోట వెలుగు చెదురుతుంది, కాలం గడిచేకొద్దీ తేమ లోపలికి దారి చేసుకుంటుంది. అందుకని ఇక్కడ తుడవడం కాదు, నీళ్ళు చల్లితే జారిపోయే పైపూత కావాలి. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ గాజు ప్యానెళ్ళ మీద దుమ్ము నిలవకుండా సులువుగా కడుక్కునే నానో పూతను ఇప్పటికే రూపొందించింది. ప్లాస్టిక్ మీద నిలిచే అలాంటి పూత కోసం అవుకు లాంటి చోటే పరీక్ష పెట్టాలి.

బయటి దేశాల అనుభవం నుంచి రెండు ఉదాహరణలు చెబుతాను. అమెరికాలో కొనార్కా అనే సంస్థ 2001లో మొదలై, హీగర్ లాంటి పెద్దలను వెంట పెట్టుకుని, పాలిమర్ సెల్లులను చుట్టలు చుట్టలుగా ముద్రించింది. 2012లో దివాలా తీసింది. సిలికాన్ ధర అంత వేగంగా పడిపోతుంటే, తక్కువ సామర్థ్యం, తక్కువ ఆయుష్షు ఉన్న సరుకు నేరుగా దానితో పోటీపడి నిలవలేకపోయింది. రెండోది ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం. అక్కడ పాల్ డాస్టూర్ బృందం 2018లో ఒక కర్మాగారం కప్పు మీద 200 చదరపు మీటర్ల ముద్రించిన పొరను పరిచింది. అయిదుగురు మనుషులు ఒక్క రోజులో పని ముగించారు. సామర్థ్యం తక్కువే. కానీ వాళ్ళు పాడైతే ఒలిచి కొత్తది అంటించే ఆలోచనతో దిగారు. నాకు సరైనదిగా కనిపించేది ఈ రెండో దారే.

అవుకు షెడ్డుకు ఆ లెక్క వేసి చూద్దాం. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు. 5 శాతం సామర్థ్యం ఉన్న పొర 200 చదరపు మీటర్ల కప్పు మీద ఉంటే 10 కిలోవాట్లు, అంటే 13 హార్స్‌పవర్ల మోటారుకు సరిపడే శక్తి. అదే విస్తీర్ణంలో సిలికాన్ దీనికి నాలుగు రెట్లు ఇస్తుంది. కప్పు మోయగలిగితే సిలికానే పెట్టుకోండి, ఇందులో రెండో మాట లేదు. ఇంటి కప్పులకు 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది, దాన్ని వాడుకోండి. పాలిమర్ పొర ఆ కప్పు కోసం కాదు. పగిలే రేకుల కప్పు కోసం, కాలువ గట్టు మీద గుడ్డ పందిరి కోసం, ఊరూరా తిప్పే బండి పైకప్పు కోసం. ఇప్పుడే ఎవరైనా వచ్చి పిచికారీ సోలార్ అని అమ్మజూపితే మాత్రం డబ్బు కట్టకండి. ఎన్నేళ్ళు నిలుస్తుందో రాతపూర్వకంగా చూపమనండి.

ఆ ఆయుష్షును కొలిచే పద్ధతి ఒకటి ఉంది. 2011లో అనేక దేశాల పరిశోధకులు కలిసి, ఆర్గానిక్ సెల్లులను ప్రయోగశాలలోనూ ఆరుబయటా ఎలా పరీక్షించాలో, ఏమేం రాసిపెట్టాలో ఒక ఒప్పందానికి వచ్చారు. దాన్ని ఐసాస్ పద్ధతులు అంటారు. మొదట ఇచ్చిన శక్తిలో 80 శాతానికి ఎన్ని గంటల తరవాత దిగిందన్నదే అందులో అసలు అంకె. మన నంద్యాల, బనగానపల్లె డిగ్రీ కాలేజీల్లో భౌతికశాస్త్రం చదివే పిల్లలు ఆ పనిలో తొలి భాగాన్ని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, సెల్లు చేతికి రాకముందే. పాలిష్ ఫ్యాక్టరీ యజమానిని అడిగి, రేకు మీద చోటు తీసుకోవాలి. రెండు మూడు రకాల ప్లాస్టిక్ షీటు ముక్కలు, పక్కనే ఒక గాజు ముక్క కలిపి ఒక జతగా, అలాంటివి మూడు జతలు అక్కడ బిగించాలి. ఒక జతను నెలకోసారి నీళ్ళు చల్లి కడగాలి, ఒక జతను గుడ్డతో తుడవాలి, ఒక జతను ముట్టుకోకుండా వదిలేయాలి. లక్స్ మీటరు కింద పెట్టి ఒక్కో ముక్క ఎంత వెలుగును దాటనిస్తోందో ఎప్పటికప్పుడు రాసుకోవాలి. రేకు వేడిని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కొలవాలి. ఉగాదికి మొదలుపెడితే ఎండాకాలం, వానాకాలం, మంచుకాలం మూడూ ఒకే పుస్తకంలోకి వస్తాయి. హైదరాబాదులో పొర చేసేవాళ్ళకు ఎంత వేడికి తట్టుకునే పాలిమర్ ఎంచుకోవాలో, పైన ఏ ప్లాస్టిక్ వేయాలో, ఎంత మందాన వేయాలో చెప్పగలిగే కాగితం అదే అవుతుంది.